చిన్నాయన మోసిన గొట్టం

1987 ఎండాకాలంలో మా ఎర్రగుంట్లలో స్వీడన్ పేరు వినని మనిషి లేడు. ఆ దేశం ఏ దిక్కున ఉందో చాలామందికి తెలియదు గానీ, పొద్దున బస్టాండు దగ్గర టీ అంగడిలో పేపరు తెరిస్తే చాలు, బోఫోర్స్ గొడవ మొదలయ్యేది. ఆ ఏప్రిల్ 16న స్వీడన్ రేడియో, బోఫోర్స్ కంపెనీ మన సైన్యానికి ఫిరంగులు అమ్మడానికి ఇచ్చిన ముడుపుల సంగతి బయటపెట్టింది. ఇక చూడండి, బండల గనుల్లో పని చేసేవాళ్లు, లారీ డ్రైవర్లు, సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపేవాళ్లు, అందరూ 155 ఎంఎం ఫిరంగి మీద పండితులైపోయారు. 410 ఫిరంగులు, 1,437 కోట్లు అనే అంకెలు మా బడి పిల్లలకు కూడా నోటికొచ్చాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా చిన్నాయన సెలవు మీద ఇంటికి వచ్చాడు. మద్రాస్ రెజిమెంట్‌లో సిపాయి. నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్ అయిపోయి అప్పటికి ఏడెనిమిదేళ్లు. ఆ చలికాలమంతా రాజస్థాన్ ఎడారిలో బ్రాస్‌టాక్స్ అనే పెద్ద విన్యాసాల్లో తిరిగి, బొంబాయి వైపు నుంచి వచ్చే రైల్లో మా స్టేషన్లో దిగాడు. నల్ల ఇనుప ట్రంకు, దాని మీద తెల్ల పెయింటుతో పేరు, నెంబరు. ముందే నలుపు, ఇంకా నల్లబడ్డాడు. మా జేజి వాకిట్లోనే దిష్టి తీసింది. ఊళ్లో మగవాళ్లకు మాత్రం ఆ ట్రంకులో క్యాంటీన్ రమ్ము ఎన్ని సీసాలుందో, అదొక్కటే టెన్షన్.

రెండో రోజు నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని టీ అంగడికి పోయాడు. అక్కడివాళ్లు అతని కోసమే కాచుకుని ఉన్నారు.

"ఏమప్పా మిలిటరీ, ఆ స్వీడన్ ఫిరంగుల్లో ఎవరెంత తిన్యారో మీకన్నా తెలుస్తుందా?"

చిన్నాయన టీ గ్లాసు కింద పెట్టి, "నేను మోసేది కూడా స్వీడన్‌దేనప్పా. దాంట్లో ఎవరేం తిన్యారో నాకు తెల్దు. మోసి మోసి మేమే సచ్చినాం" అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా చిన్నాయన తుపాకి మోస్తాడని తెలుసు. స్వీడన్‌ది ఏదో మోస్తాడని అదే వినడం. ఇంటికి వచ్చేదాకా ఆగలేక దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాను.

అతను మోసింది కార్ల్ గుస్తాఫ్. భుజాన పెట్టి ట్యాంకుల మీద పేల్చే గొట్టం, 84 ఎంఎం. పటాలంలో ఆర్‌ఎల్, అంటే రాకెట్ లాంచర్ అంటారు. మన సైన్యం దాన్ని 1976లో తీసుకుంది, తర్వాత లైసెన్సు మీద తిరుచిరాపల్లి ఆయుధ కర్మాగారంలో మనమే తయారు చేసుకున్నాం. పుట్టింది మాత్రం 1948లో, స్వీడన్‌లో. బోఫోర్స్ కంపెనీది కాదు, అక్కడి ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీది. ఆ ఫ్యాక్టరీకి పాత రాజు పేరు ఉండేది, ఆయుధానికీ అదే వచ్చింది. ఈ తేడా ఊళ్లో వాళ్లకు చెప్పాలని చిన్నాయన ఆ సెలవంతా కష్టపడ్డాడు. ఎవరూ వినలేదు. స్వీడన్ అంటే బోఫోర్స్, బోఫోర్స్ అంటే ముడుపులు. ఇంకో మాట ఎక్కేది కాదు. చివరికి విసుగొచ్చి ఆ అంగడికి పోవడమే మానుకున్నాడు.

ఇంట్లో మాత్రం నేనొక్కణ్ణి చాలు అతనికి. జేజి రోకలి తెచ్చి భుజాన పెట్టుకునేవాడు. రోకలి కంటే అది కొంచెం పొట్టి, మీటరు దాటి ఓ జానెడు ఉంటుందంతే, కానీ బరువు పధ్నాలుగు కిలోల పైమాటే అనేవాడు. ముందు సగం మామూలు గొట్టం. లోపల రైఫిల్‌కి ఉన్నట్టే మెలి తిరిగిన గాడులు, గుండును తిప్పి పంపడానికి. వెనక సగం గరాటు. ఆ గరాటు పక్కకు తిరుగుతుంది. అక్కడి నుంచే గుండు లోపలికి పెట్టి, మళ్లీ మూసి, తాళం పడిందో లేదో చూసి, పేల్చేవాడి భుజం తట్టాలి. పక్కన దూరదర్శిని ఉన్న గురిపెట్టే సాధనం, కింద రెండు పిడులు, భుజం దగ్గర మెత్త.

జేజి అరుస్తూ ఉండేది, "ఆ రోకలి కింద పెట్టరా, దాంతో బియ్యం దంచాల" అని. చిన్నాయన నిలబడి, మోకాలి మీద కూర్చుని, చివరికి వాకిట్లో బోర్లా పడుకుని చూపించేవాడు. పడుకున్నప్పుడు ఒళ్లు గొట్టానికి సూటిగా వెనక ఉండకూడదు. ఏటవాలుగా, పక్కకు పడుకోవాలి. లేకపోతే గరాటులోంచి వెనక్కి వచ్చే మంటకు సొంత కాళ్లే కాలిపోతాయి. ఆ ముక్క చెప్పేటప్పుడు తన కాళ్లను తనే పక్కకు లాక్కునేవాడు.

నా పని నెంబర్ టూ పని, అంటే పేల్చేవాడి పక్కనుండే రెండో మనిషిది. గుండు పెట్టడం ఒక్కటే కాదు. పెట్టాక వెనక్కి తిరిగి చూసి, ఎవరూ లేరని గట్టిగా చెప్పాలి. మా వాకిట్లో వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్లు. కోళ్లు, బర్రెదూడ, చెనిక్కాయలు ఒలిచే జేజి. "ఎనక జేజి ఉండాది" అంటే, రోకలి దించేసి, "చూసినావా, ఇప్పుడు పేల్చి ఉంటే మనకు రేపు సంగటి ఉండేది కాదు" అనేవాడు.

ఇంత బరువైన గుండు అంత వేగంతో పోతే భుజం ఊడిపోదా అని నేను అడిగాను. ఎవరైనా అదే అడుగుతారు. మా తోటల కాపలాదారు దగ్గర ఉన్న నాటు తుపాకి పేల్చినప్పుడే ఆయన రెండడుగులు వెనక్కి పోవడం నేను చూశాను. ఇదేమో అరచేయంత మందం గుండును సెకనుకు రెండు వందల మీటర్ల పైచిలుకు వేగంతో విసిరే సామాను.

చిన్నాయన అప్పటికి ఏమీ చెప్పలేదు. మరుసటి రోజు మా చేని బావికి తీసుకుపోయాడు. మా వైపు పిల్లలు ఈత నేర్చుకునేది దిగుడు బావుల్లోనే. లారీ ట్యూబులో గాలి నింపి దాని మీద నన్ను కూర్చోబెట్టి, ఒళ్లో ఒక బండరాయి పెట్టాడు. "ముందుకు విసురు" అన్నాడు. విసిరాను. రాయి ముందుకు పోయింది, ట్యూబు నాతోపాటు వెనక్కి పోయి మెట్లకు తగిలింది. తర్వాత మా అత్త కొడుకును కూడా ఎక్కించాడు, నా వీపుకు వాడి వీపు ఆనించి. ఇద్దరి చేతుల్లోనూ రాళ్లు. "ఒకటే సారి ఇసరండి, నువ్వు అట్లా, వాడు ఇట్లా" అన్నాడు. విసిరాం. ట్యూబు కదల్లేదు. కొంచెం ఊగింది, అంతే.

"అదేరా ఆర్‌ఎల్" అన్నాడు, మెట్టు మీద బీడీ వెలిగించుకుంటూ.

తర్వాత ప్రొద్దుటూరులో బీఎస్సీ చదివేటప్పుడు ఆ బావి సంగతికి సమీకరణాలు దొరికాయి గానీ, అంతకంటే బాగా అర్థమైంది ఏమీ లేదు. గుండు బరువైనది, కాబట్టి దాని వేగం తక్కువ. వెనక్కి పోయేది మందు కాలిన గాలి. దానికి బరువు తక్కువ, అందుకే గరాటు గుండా ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. ముందు లెక్కా వెనక లెక్కా సరిపోయాక భుజం మీద మిగిలేది సున్నా. మామూలు తుపాకిలో తూటా గొట్టం అడుగు మూసి ఉంటుంది. ఇందులో ఆ అడుగున ఒక పలుచటి బిళ్ల. మందు అంటుకోగానే అది పగిలి గాలికి దారి ఇస్తుంది. అందుకు చెల్లించే ధర కూడా ఉంది. మందులో ఎక్కువ భాగం వెనక్కే పోతుంది కాబట్టి అదే గుండుకు మామూలు ఫిరంగి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ మందు కావాలి. వెనక మంట, దుమ్ము, చెవులు పగిలే చప్పుడు. కొన్ని పదుల మీటర్ల దాకా వెనక మనిషి ఉండకూడదు.

ఈ రెండు రాళ్ల ఉపాయం చిన్నాయనకు పటాలంలో ఎవరు చెప్పారో నాకు తెలియదు. కానీ సరిగ్గా అదే ఉపాయంతో మొట్టమొదట తుపాకి చేసినవాడు అమెరికా నౌకాదళంలో ఒక అధికారి, క్లీలాండ్ డేవిస్. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే. రెండు గొట్టాలు వీపుకు వీపు ఆనించి, ముందు దాంట్లో గుండు, వెనక దాంట్లో అంతే బరువు సీసం గుళ్లు, గ్రీజు కలిపిన ముద్ద. రెండూ ఒకేసారి పేలతాయి. దాన్ని విమానాలకు బిగించి కూడా చూశారు. ఈ సంగతి కాలేజీ లైబ్రరీలో చదివి ఆ సంకురాత్రికి ఇంటికొచ్చిన చిన్నాయనకు చెబితే, చాలాసేపు నవ్వాడు. "గ్రీజు ముద్దంట! ఎనక ఉన్నోని మొగం ఏమైపోవాల?" అని. అక్కడ కూడా అతను చూసింది వెనక నిలబడ్డ మనిషినే.

నవ్వినా ఆ ఉపాయం పోలేదు. స్వీడన్ వాళ్లదే ఏటీ4 అని ఇంకో భుజం గొట్టం, దాంట్లో గదుల్లోంచి పేల్చడానికి వీలుగా చేసిన రకం ఒకటుంది, దాంట్లో వెనక్కి విసిరేది ఉప్పునీళ్లు. జర్మనీ వాళ్ల ఆర్మ్‌బ్రస్ట్‌లో ప్లాస్టిక్ ముక్కలు. గ్రీజు పోయి నీళ్లు వచ్చాయి, అంతే తేడా.

భుజాన పెట్టి పేల్చే రకాలు రెండో ప్రపంచ యుద్ధంలో ఒక్కసారిగా పుట్టుకొచ్చాయి. ట్యాంకు అనేది ఊళ్ల మీద పడేసరికి కాలినడక సిపాయి చేతికి ఏదో ఒకటి ఇవ్వక తప్పలేదు. జర్మన్లు 1943 నుంచి పాంజర్‌ఫౌస్ట్ అని ఒకసారి పేల్చి పారేసే గొట్టం పంచారు. మొదట్లో దాని దూరం ముప్పై మీటర్లే. ముప్పై మీటర్ల దాకా ట్యాంకును రానిచ్చి కూర్చోవాలంటే ఎంత గుండె కావాలో నాకు ఊహకు అందదు. అమెరికా వాళ్ల ఎం18 ఇంకో దారి. 57 ఎంఎం, ఇరవై కిలోలు, భుజం మీద నుంచి పేల్చే అసలైన రైఫిల్. తూటా గొట్టం చుట్టూ చిల్లులు, గాలి వాటిలోంచి బయటికి పోతుంది. 1945 మార్చిలో యూరప్‌లో, తర్వాత ఒకినావాలో వాడారు. బంకర్లకు బాగా పనికొచ్చింది. ఐదేళ్ల తర్వాత కొరియాలో టీ-34 ట్యాంకుల ముందు మాత్రం చేతులెత్తేసింది. అప్పుడు 3.5 అంగుళాల బజూకాలు, అంటే భుజం మీది రాకెట్ గొట్టాలు, హడావిడిగా విమానాల్లో తెప్పించుకున్నారు.

ఆ 3.5 అంగుళాలది మన సైన్యంలోనూ ఉండేది. చిన్నాయనకు నేర్పిన ఉస్తాదు దాని మీద పని చేసినవాడట. కార్ల్ గుస్తాఫ్ బరువు గురించి కుర్రవాళ్లు సణిగితే, ఆయన వాళ్లకు ఇంకా పాత కథ తీసేవాడట, పియాట్ కథ. అది బ్రిటిష్ వాళ్ల సామాను. వెనక మంట ఉండదు, లోపల ఉండేది పెద్ద స్ప్రింగు. పడుకుని ఆ స్ప్రింగును ఎక్కించాలంటే మనిషి నేల మీద వెల్లకిలా పడి కాళ్లతో తన్ని లాగాలి. 1944 జూన్‌లో, మణిపూర్‌లో నింగ్‌థౌఖోంగ్ దగ్గర గంజూ లామా అనే గూర్ఖా దళం సిపాయి, చేతికి కాలికి గాయాలతో పాకుకుంటూ పోయి ఆ పియాట్‌తోనే జపాను ట్యాంకులు పగలగొట్టాడు. విక్టోరియా క్రాస్ ఇచ్చారు. "ఆయనకు మణికట్టు ఇరిగింది, మీకు భుజం నొప్పి" అని ఉస్తాదు అనేవాడట.

అబ్దుల్ హమీద్ కథ మాత్రం చిన్నాయన సొంతంగా చెప్పేవాడు, ప్రతి సెలవులోనూ. ఆయనది భుజం మీది సామాను కాదు, జీపు మీద బిగించిన 106 ఎంఎం ఆర్‌సీఎల్, అంటే రికాయిల్‌లెస్, వెనక్కి తన్నని ఫిరంగి. అదీ వెనక్కి మంట కక్కే జాతిదే, కాకపోతే రెండు వందల కిలోల పెద్దన్న. 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దగ్గర, అసల్ ఉత్తర్ పొలాల్లో, ఆ జీపుతో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులకు ఎదురుపోయి, వాటిని ఒకదాని తర్వాత ఒకటి కొడుతూ పదో తేదీన చనిపోయాడు. పరమ్‌వీర్ చక్ర. బడి పుస్తకాల్లో ఈ కథ వీరత్వంగా ఉంటుంది. చిన్నాయన చెప్పేది అది కాదు. ఆర్‌సీఎల్ పేలితే వెనక దుమ్ము మేఘం లేస్తుంది. ఆ దుమ్మే శత్రువుకు గుర్తు. పేల్చిన చోటే ఉన్నావంటే తర్వాతి గుండు నీదే. కాబట్టి పేల్చు, జీపు కదిలించు, చెరుకు పైర్ల మాటున ఇంకో చోటికి పో, మళ్లీ పేల్చు. ఆ మనిషి ఎన్నిసార్లు చోటు మార్చి ఉంటాడో, ఎంత తొందరగా మార్చి ఉంటాడో, అది తలుచుకునేవాడు చిన్నాయన. తను ఎడారిలో చేసింది కూడా అదే. గొట్టం భుజానేసుకుని ఇసకలో పరుగు. రాజస్థాన్ ఇసక గురించి అతను వాడే మాటలు ఇక్కడ రాయలేను.

ఆ పరుగులో పక్కన ఉన్నవాడే నెంబర్ టూ.

ఆయనది కన్యాకుమారి జిల్లా. చాలా ఏళ్లు చిన్నాయన గొట్టానికి గుండ్లు పెట్టింది ఆయనే. ఒకసారి ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికితే, పోతూ పోతూ మా ఊళ్లో దిగాడు. పొద్దున ఉగ్గాని పెట్టి పక్కన మిరపకాయ బజ్జీలు పెడితే, మొహమాటానికి రెండు తిని, బావి దగ్గరికి పోయి మొహం కడుక్కుంటూనే ఉన్నాడు. జేజికి ఆయన పేరు నోరు తిరగలేదు. "రెండో నెంబరోడు" అనేది. మాకు నెంబర్ టూ మామ అయిపోయాడు. ఇప్పటికీ మా ఇంట్లో ఆయనకు ఇంకో పేరు లేదు, మా ఫోన్లలో కూడా అలాగే ఉంది.

అందరూ గొట్టం మోసేవాడిని చూస్తారు గానీ, లెక్క వేస్తే నెంబర్ టూ బరువే ఎక్కువ. గుండు ఒక్కోటి మూడు కిలోలు. రెండేసి గుండ్లు పట్టే డబ్బాల్లో వస్తాయి, అవి మోయాలి, తన తుపాకి మోయాలి, నీళ్లు మోయాలి. ఏ గుండు ఎప్పుడు అడుగుతారో దాన్ని చేతికి తీయాలి. ట్యాంకుకు ఒకటి, గుంపు మీదికి ఉక్కు గుళ్లు చల్లేది ఒకటి, పొగకు ఒకటి, రాత్రి వెలుతురుకు ఒకటి. చప్పుడు మాత్రం ఇద్దరికీ సమానం. నెంబర్ టూ మామ వచ్చిన రోజు రాత్రి మిద్దె మీద వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే, వీధి చివర ఇంటివాళ్లు కొట్లాట అనుకుని వచ్చారు. ఇద్దరికీ చెవులు అప్పటికే మొద్దుబారాయి. మెల్లగా మాట్లాడడం అనేదే పోయింది. అంతమాత్రాన వాళ్లు ఎక్కువ పేల్చారని కాదు. నిజం గుండు ఖరీదైనది, చప్పుడు ఒంటికి మంచిది కాదు, రోజుకు ఇన్నే పేల్చాలని లెక్క ఉండేది. గొట్టం లోపల చిన్న తుపాకి అమర్చి 7.62 తూటాలతో గురి నేర్చుకునే ఏర్పాటు దీనికి ఉంది. ప్రాక్టీసులో ఎక్కువ భాగం అట్లాంటివే.

మా కడప జిల్లా పేరు చెబితే బయటివాళ్లు మొదట అడిగేది బాంబుల గురించే. 90ల్లో ఆ గొడవలు బాగా ఉన్నాయి, లేవని నేననను. చిన్నాయన సెలవులో వచ్చినప్పుడు మీసాలు కొత్తగా వచ్చిన కుర్రవాళ్లు కొందరు చుట్టూ చేరి, నీ గొట్టం ఒకటి ఉంటే ఎదుటి ఊరు ఏమైపోవాల అని సరదాగా అన్నట్టు అనేవాళ్లు. సరదా కాదని అందరికీ తెలుసు. ఒక రోజు వాళ్లలో ఒకణ్ణి పిలిచి రోకలి భుజాన పెట్టించి, "ఇప్పుడు ఎనక ఎవరుండారో చూడు" అన్నాడు. వాడి వెనక వాడి చెల్లెలు బిందెతో పోతోంది. వాడు రోకలి దించి ఏమీ మాట్లాడకుండా పోయాడు. దానివల్ల వాడేమీ మారలేదు, తర్వాత కేసుల్లో తిరిగాడు. చిన్నాయన మాత్రం ఆ కుర్రవాళ్లకు ఆర్‌ఎల్ గురించి ఇంకెప్పుడూ ఒక్క ముక్క చెప్పలేదు.

అతనితో సినిమాకు పోవడం ఇంకో కథ. పటాలం నుంచి వచ్చేశాక ప్రొద్దుటూరులో ఒక సినిమాకు అందరం పోయాం. ఇంటర్వెల్ తర్వాత హీరో ఇంటి నడిమింట్లో నిలబడి, వెనక గోడకు మూరెడు దూరంలో రాకెట్ లాంచర్ భుజానెత్తుకున్నాడు. హీరో వెనకే వాళ్లమ్మ, ఏడుస్తూ. హాలంతా ఈలలు. గుండు పోయింది, విలన్ జీపు లేచిపోయింది. ఆ ఈలల మధ్యలో చిన్నాయన సీట్లోంచి లేచి, "ఒరేయ్, అమ్మ సచ్చిపాయ రా!" అని అరిచాడు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. చిన్నమ్మ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. అతను ఊరుకోడే. మూసిన గదిలో పేలిస్తే మంట ఒక్కటే కాదు, గాలి ఒత్తిడికే లోపల ఉన్నవాళ్లు పోతారు అని పక్క సీటాయనకు సినిమా అయిపోయేదాకా చెబుతూనే ఉన్నాడు. మామూలుగా సినిమాల్లో కనిపించేది రష్యా వాళ్ల ఆర్‌పీజీ-7, 1961 నాటిది. అది ఇంకో మాదిరి. మొదట చిన్న మందుతో ఇదే పద్ధతిలో గొట్టంలోంచి బయటపడి, పది పదిహేను మీటర్లు పోయాక రాకెట్ అంటుకుంటుంది. వెనక మంట దానికీ ఉంది. సినిమాల్లో మాత్రం ఉండదు. ఇన్నేళ్లయినా మనవాళ్లు ఆ ఒక్కటీ సరిగ్గా తీయరు, నాకూ ఇప్పుడు అలాంటి సీను వస్తే కళ్లు హీరో వెనకకే పోతాయి.

1999లో కార్గిల్ వచ్చేసరికి అతను ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ. సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికి వచ్చేవాడు, టీవీ ముందు. కొండ కొమ్మున రాళ్లు పేర్చి కట్టిన సంగర్లు చూపిస్తుంటే, ట్యాంకులు ఎక్కని ఆ చోటికి ఆర్‌ఎల్ పోతుందని చెప్పేవాడు. నిజంగానే పోయింది. ట్యాంకుల కోసం పుట్టిన ఆయుధం అక్కడ రాతి గూళ్ల మీద పని చేసింది. నాకు ఆశ్చర్యం వేసింది గుండు గురించి కాదు. ఆ ఎత్తులో, ఊపిరే ఆడని చోట, పధ్నాలుగు కిలోల గొట్టాన్ని, మూడేసి కిలోల గుండ్లను నిట్టనిలువు కొండ మీదికి ఎవరో మోసుకుపోయారు. చిన్నాయన టీవీ చూస్తూ తన భుజం తనే పిసుక్కునేవాడు.

ఇప్పుడు చిన్నాయన మోకాళ్లు పని చేయవు, చెవులు ఎప్పుడో పోయాయి, పేపరు మాత్రం వదలడు. అప్పట్లో మా పక్క జిల్లా అయిన కర్నూలులో, ఓర్వకల్లు వైపు డీఆర్‌డీవో పరీక్షా మైదానం వచ్చాక అతనికి కొత్త హుషారు. 2019 సెప్టెంబరు 11న కర్నూలులో మనిషి మోసుకుపోగలిగే ట్యాంకు విధ్వంసక క్షిపణిని పరీక్షించారు. ఒకసారి గురి పట్టిస్తే చాలు, మిగతా దారి అదే వెతుక్కుంటుంది. ట్యాంకును పై నుంచి, కప్పు పలుచగా ఉండే చోట కొట్టగలదు. పేపర్లో వచ్చిన బొమ్మ చూపించి ఇదంతా అరిచి అరిచి చెప్పాను. చిన్నాయన కళ్లజోడు సర్దుకుని బొమ్మను చాలాసేపు చూశాడు. "ఎనక దుమ్ము ఎంత లేసిందో రాసినారా?" అని అడిగాడు. రాయలేదు. అది రాయని వార్త అతని దృష్టిలో వార్తే కాదు.

కార్ల్ గుస్తాఫ్ కూడా ఇంకా పోలేదు. డెబ్బై ఏళ్లు దాటిన గొట్టం. చిన్నాయన మోసింది 1964 నాటి రెండో రకం. 1991లో వచ్చిన మూడో రకంలో ఉక్కు గొట్టాన్ని పలుచగా చేసి పైన కార్బన్ ఫైబర్ చుట్టారు, పది కిలోలకు దిగింది. 2014 నాటి నాలుగో రకం ఏడు కిలోల లోపే. స్వీడన్ సాబ్ కంపెనీ ఆ నాలుగో రకాన్ని హర్యానాలో ఝజ్జర్ దగ్గర తయారు చేయడానికి 2024లో ఫ్యాక్టరీ కట్టడం మొదలుపెట్టింది. ఈ వార్త చదివి వినిపించిన రోజు చిన్నాయన వెంటనే ఫోన్ తెమ్మన్నాడు. నెంబర్ టూ మామకు కలిపి స్పీకర్ పెట్టాను. వీళ్లకు స్పీకర్ ఎందుకో నాకు తెలియదు, ఫోన్ లేకపోయినా నాగర్‌కోయిల్ దాకా వినపడుతుంది.

"ఏడు కిలోలంట!" అని అరిచాడు చిన్నాయన.

"ఎంత? పదేడా?"

"ఏడు! ఏడూ! మనం మోసిందాంట్లో సగం!"

అవతల కాసేపు మాట లేదు. లైను పోయిందేమో అనుకున్నాను. తర్వాత ఆయన తమిళం కలిసిన తెలుగులో అడిగాడు, "గుండు బరువు తగ్గిందా?"

చిన్నాయన నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"లేదంట."

"గొట్టం నీది, గుండ్లు నావి. అయితే నాకేం లాభం?" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.